పెద్దమ్మ మెస్సులో ద్రాక్షసారా

పోయిన శుక్రవారం నేను క్లాసులో పాఠం చెబుతుండగా, ఆఫీసు రూముకి ఫోనొచ్చిందని అటెండరు వచ్చి చెప్పాడు. అవతల మా పెదనాన్న. ఫోనులో ఎప్పుడూ ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడారు. "మీ పెద్దమ్మ వెళ్ళిపోయిందమ్మా. పొద్దున్నే కూరలు తరగడానికి కూర్చుంది. ఆయాసంగా ఉందంది. పడుకోబెట్టి డాక్టరు గారి కోసం మనిషిని పంపేను. ఆయన వచ్చేలోపే అయిపోయింది." మళ్ళీ తనే, "మెస్సులో అన్నం ఉడికిపోయిందమ్మా. వచ్చినవాళ్ళకి పెట్టి పంపేయమన్నాను. ఆవిడున్నా అదే చెప్పేది గదా," అన్నారు.

అమలాపురం నుంచి కొత్తపేట వెళ్ళే బస్సులో నాకు ఏడుపు రాలేదు. పెద్దమ్మ గిన్నెల చప్పుడే చెవుల్లో ఉంది.

మా అమ్మకి అక్క ఆవిడ. కొత్తపేటలో ఒక పెంకుటింటి ముందు గదుల్లో మెస్సు నడిపింది. బోర్డు లేదు. బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు, వ్యవసాయ శాఖ వాళ్ళు, ట్రాన్స్‌ఫరయి వచ్చి ఇంకా కాపురం పెట్టనివాళ్ళు, అందరూ అక్కడే తినేవారు. నాకు కొత్తపేట హైస్కూల్లో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి పెళ్ళయి అమలాపురం వెళ్ళేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను.

రుచి చూడడంలో పెద్దమ్మ పద్ధతి వేరు. గరిటెతో చుక్క ఎడం అరచేతిలో వేసుకుని నాలుకకి తగిలించి, కళ్ళు పెద్దవి చేసి ఎదురుగా గోడకేసి చూసేది. గోడ మీద ఏదో రాసి ఉన్నట్టు చదువుకుని, ఉప్పో చింతపండు పులుసో వేసి వెళ్ళిపోయేది. వంటవాళ్ళతో ఒక మాట తరచూ అనేది: "ఉప్పు తక్కువైతే మనిషి అడుగుతాడు. ఎక్కువైతే మొహమాటపడి మంచినీళ్ళు తాగి పోతాడు. మళ్ళీ రాడు. అంచేత తక్కువే వెయ్యండి."

ఆవిడ పట్టుదల ఎలాంటిదో నేను మొదట చూసింది సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో. మా పేట చివర ఒక సారా కొట్టు ఉండేది. మెస్సులో గిన్నెలు తోమే నూకాలమ్మ భర్త రోజూ అక్కడే ఉండేవాడు. ఒక వానాకాలం ఆ కొట్టు ముందే పడి ప్రాణం వదిలాడు. అతని దినకార్యం అయిన మర్నాడు పెద్దమ్మ పొయ్యి, డేగిసాలు, విస్తళ్ళు రిక్షా మీదకి ఎక్కించి తీసుకెళ్ళి ఆ కొట్టు గుమ్మం ముందు దించింది. "ఇవాళ్టి నుంచి భోజనాలిక్కడే," అంది.

నిజంగా అక్కడే పెట్టింది. హెడ్మాస్టరు గారు, బ్యాంకు వాళ్ళు కింద చాపల మీద కూర్చుని భోంచేస్తుంటే, వాళ్ళ మధ్యలోంచి నడిచి సారాకి వెళ్ళడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. నూకాలమ్మతో బాటు పేటలోని ఆడవాళ్ళంతా వచ్చి ఆ చాపల చుట్టూ కూర్చున్నారు. కొట్టు నడిపేవాడు చేతులు కట్టుకుని వచ్చాడు. "ఏంటండి పెద్దమ్మ గారూ, మా పొట్ట మీద కొట్టేస్తన్నారు," అన్నాడు. ఊళ్ళో చాలామంది ఆవిడని అలాగే పిలిచేవారు. పెద్దమ్మ విస్తరి వేసింది. "పొట్ట సంగతేనా అండి? కూర్చోండి. తినండి. తినేసి తాళం వేసుకెళ్ళండి." అతను ఆ రోజు తిన్నాడు. తాళం మాత్రం వేయలేదు. మరికొన్నాళ్ళు అక్కడే వంట సాగాక వేశాడు. తర్వాత సోడా కొట్టు పెట్టుకున్నాడు.

అది జరిగిన కొన్నేళ్ళకి పెద్దమ్మ గొంతులో గడ్డ లేచింది. విశాఖపట్నం తీసుకెళితే కేన్సరన్నారు. కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మా వైపు అలాగే అంటారు. సగం మనిషై, గొంతు బొంగురుపోయి తిరిగొచ్చింది. వచ్చిన మర్నాడే వంటింట్లోకి వెళ్ళి చారు చుక్క అరచేతిలో వేసుకుంది. గోడకేసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏముందే ఇందులో?" అని నన్నడిగింది.

"చారు, పెద్దమ్మా."

"చారని నాకూ కనపడుతోంది. ఏం పడింది, ఏం పడలేదు? చెప్పు."

నేను రుచి చూశాను. ఘుమఘుమలాడుతోంది. ఆ మాటే చెప్పాను. ఆవిడ గరిటె కింద పెట్టేసింది. "నాకు వేణ్ణీళ్ళు," అంది.

లాలాజలం ఊరడం తగ్గిపోయిందనీ, రుచి రావచ్చు, రాకపోవచ్చుననీ డాక్టర్లు ముందే చెప్పారట. చుట్టాలు వచ్చినవాళ్ళు వచ్చినట్టు మెస్సు మూసేయమన్నారు. పెదనాన్న కూడా అన్నారు. "చేసింది చాల్లే. ఎవరికన్నా ఇచ్చేద్దాం. నాలుక లేకుండా వంటేం నడుపుతావు?"

"కళ్ళు పోయినవాడు ఇల్లు అమ్ముకుంటాడా అండి? తడుముకుంటాడు. నేనూ తడుముకుంటాను," అంది పెద్దమ్మ.

తడుముకుంది. నూకాలమ్మ చేతిలోంచి గిన్నెలు తోమే పీచు తీసేసి గరిటె ఇచ్చింది. మేమిద్దరం రుచి చూడాలి, ఆవిడ అడగాలి. "బాగుంది" అంటే ఒప్పుకునేది కాదు. "బాగుందంటే నాకేం తెలుస్తుందే? పులుపు ముందొచ్చిందా, కారం ముందొచ్చిందా? మింగేక గొంతులో ఏం మిగిలింది?" పోలీసులు కూడా అంత వివరంగా అడగరు. మేం చెప్పినదాన్ని బట్టి ఉప్పూ పులుపూ వేసేది. తినేవాళ్ళలో చాలామందికి తేడా తెలియలేదు.

పొద్దున్నే పెరటి మెట్టు మీద ఒక పళ్ళెం పెట్టుకుని కూర్చునేది. అందులో చింతచిగురు, ఉప్పుకల్లు, వేపపువ్వు, బెల్లం ముక్క. ఒక్కోటీ నోట్లో పెట్టుకుని, పక్కన చెంబులో నీళ్ళు తాగుతూ, ఎదురుచూసేది. మొదట వచ్చింది పులుపు. ఒక రోజు చింతచిగురుకి మొహమంతా వంకరపోయింది. ఇంటిల్లిపాదినీ పిలిచి ఆ వంకర మొహమే చూపించింది. తర్వాత ఉప్పు వచ్చింది, చేదు వచ్చింది. కారం అయితే అసలు తట్టుకోలేకపోయేది. తీపి మాత్రం రాలేదు. బెల్లం నోట్లో వేసుకుని, "ఇవాళా మట్టిబెడ్డే. రేపు చూద్దాం," అని లేచిపోయేది. ఏళ్ళు గడిచాయి. ఆ "రేపు చూద్దాం"లో విసుగు నాకెప్పుడూ వినపడలేదు.

ఐదేళ్ళయ్యాక విశాఖపట్నం డాక్టరు గారు, ఇక భయం లేదు, ఏడాదికోసారి కనిపిస్తే చాలన్నారు. సరిగ్గా అప్పుడే విమల పిన్ని వచ్చింది. పిన్ని అంటున్నాను గాని చుట్టరికం లేదు. అమలాపురం ఆడపిల్లల బడిలో పెద్దమ్మతో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు. నర్సు చదివి, యానాం అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఆ కుటుంబానికి ఫ్రెంచి పౌరసత్వం ఉండడంతో ఫ్రాన్సు వెళ్ళి అక్కడే ఆస్పత్రిలో పనిచేసి రిటైరైంది. ఆవిడ భర్త అంతకు రెండేళ్ళ ముందు పోయారు. ఆయనకి మంచి వైను సీసాలు కొని, ఇంటి కింద చల్లటి గదిలో ఏళ్ళ తరబడి పడుకోబెట్టి ఉంచడం సరదా అట. అందులో మూడింటిని పిన్ని చీరల్లో చుట్టి తెచ్చింది.

"డాక్టరు నీకు సెలవిచ్చేడు గదా. పండగ చేద్దామే," అని బల్ల మీద పెట్టింది.

"ఏంటే ఇవి?"

"ద్రాక్షసారా."

"పేరులోనే సారా ఉంది. తీసెయ్ ముందు," అంది పెద్దమ్మ.

విమల పిన్ని తీయలేదు. "విను. కొత్త వైనయితే నీ ఎండిపోయిన నోటిని గీరేస్తుంది, నేనే వద్దంటాను. ఇవి ముసలివి. వగరంతా దిగిపోయుంటుంది. నాలుక మీద ఆగి ఆగి ఒక్కో రుచీ వదుల్తాయి. ఇది మందని నేను చెప్పను. నర్సుని, అబద్ధం ఆడను. ఒక్కసారి నోట్లో పెట్టి చూడమంటున్నాను. అంతే."

పెద్దమ్మ వాటిని బల్ల మీదే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న నూకాలమ్మతో కలిసి కూరలు తరుగుతూ ఆ మాట ఎత్తింది. నేనక్కడే ఉన్నాను.

"నూకాలూ, మా విమల వైను తెచ్చింది. రుచి కోసం నోట్లో పెట్టి చూడాలనుంది. నువ్వు వద్దంటే ఆ సీసాలు ఇప్పుడే తిరిగి పట్టుకెళ్ళమంటాను. మీ ఇంట్లో జరిగినదానికి వద్దనే హక్కు నీకుంది."

నూకాలమ్మ వంకాయ తరగడం ఆపింది. "మా ఆయన తాగింది తెలివి పోడానికండి. మీరు పోయింది తెచ్చుకుంటానంటన్నారు. కానివ్వండి. అయితే నేనక్కడే కూకుంటానండి. ఒక్కో సీసాలోంచి ఒక్కసారే. రెండోసారి అడిగేరో, సీసా లాక్కుంటాను. మీరని చూడను."

"ఆయ్, అదే మాట," అంది పెద్దమ్మ.

ఆదివారం సాయంత్రం మెస్సుకి సెలవు. అంబాజీపేట నుంచి ఇంకో చిన్ననాటి స్నేహితురాలు రాజేశ్వరి గారు వచ్చారు. వాళ్ళాయన కొబ్బరి వ్యాపారి. సీసాలు చూసి ఆవిడ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొబ్బరిపాలతో రొయ్యలు, అన్నీ కారం లేకుండా చేశారు. సీసాల్ని చేపలవాళ్ళ ఐసు వేసిన బకెట్లో కాసేపు ఉంచారు. పొడుగు కాడ గ్లాసులు మాకెక్కడివి? టీ గ్లాసులే కడిగి పెట్టాం.

వీధి తలుపు వేసేయనా అని పెదనాన్న అడిగారు.

"తెరిచే ఉంచండి. సారా కొట్టు ముందు పదిమందిలో కూర్చున్నాను. ఇప్పుడు తలుపేసుకుని కూర్చుంటే ఏం బావుంటుంది?" అంది పెద్దమ్మ.

ఆ తెరిచిన తలుపులోంచే వచ్చాడు, సోడా కొట్టతను. రోజూ మెస్సు నుంచి ఖాళీ సోడా సీసాల పెట్టె పట్టుకెళ్ళే వేళ అది. బల్ల మీదకి చూసి ఆగిపోయాడు.

"మమ్మల్ని మూయించి మీరు తెరిచేరన్నమాట. ఆయ్, బాగుందండి పెద్దమ్మ గారూ," అన్నాడు.

రాజేశ్వరి గారు పైట నిండుగా కప్పుకున్నారు. పెద్దమ్మ లేచి నిలబడింది. "మీరు అడగాల్సిందేనండి. మీకే ఉంది అడిగే హక్కు. కూర్చోండి. నా నాలుక పోయిన సంగతి మీకు తెలుసు. అది వస్తుందేమోనని చూస్తున్నాను. మీ ఎదుటే చూస్తాను. తర్వాత ఊళ్ళో చెప్తారు గదా, చూసింది చూసినట్టు చెప్పండి."

అతను గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాడు. నూకాలమ్మ సీసాల పక్కన పీట వేసుకుని కూర్చుంది.

మొదటి సీసా బర్గండీ అనే చోటుది. బిరడా పాతదైపోయి, తీస్తుంటే సగం విరిగి లోపల పడింది. నెయ్యి వడకట్టే గుడ్డలోంచి వడకట్టాం. పెద్దమ్మ ఒక్క గుక్క నోట్లో ఉంచుకుని గోడకేసి చూసింది. "పులుపు. ఒట్టి పులుపు. ఇంకేం లేదే," అంది. విమల పిన్ని కంగారుగా తాను నోట్లో పెట్టుకుని గ్లాసు దించేసింది. పాడైపోయింది. ఆవిడ భర్త అన్నిటికన్నా ఇష్టపడి దాచినది అదేనట. పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సరిగ్గా చూసుకోలేదే నేను. ఆయన పోయాక ఆ గదిలోకి దిగలేదు," అంది. పెద్దమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "పచ్చళ్ళన్నీ నిలవుంటాయా? ఆవకాయ జాడీ బూజు పట్టిందని పక్క జాడీ మూత తీయడం మానేస్తామా? రెండోది తియ్యి."

రెండోది బోర్డో. ఆ పేరు వినగానే పెదనాన్న తలెత్తారు. "బోర్డోనా? అది కొబ్బరికి మొవ్వు కుళ్ళుతెగులొస్తే కొట్టే మందు కదమ్మా?"

"అదేనండి బావగారూ. ఆ మందు పుట్టింది ఆ ఊళ్ళో ద్రాక్షతోటల కోసమే," అంది విమల పిన్ని.

"ఓరి! అయితే మన చెట్లు ఎప్పట్నుంచో తాగుతున్నాయన్నమాట," అన్నారు పెదనాన్న. సోడా కొట్టతను కూడా నవ్వేశాడు. విమల పిన్ని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ వైను ఇటుకపొడి కలిపినట్టున్న ఎరుపు. పెద్దమ్మ ముందు వాసన చూసింది. "తడిసిన కొబ్బరి పీచు," అంది. మళ్ళీ చూసి, "ఎండు ఖర్జూరం. కొత్త చెప్పులు," అంది. నోట్లో పోసుకుంది. రేడియేషన్ తర్వాత ఆవిడ టీ తాగలేకపోయేది, నోరంతా గీరుకుపోతోందని. మేమంతా ఆవిడ మొహమే చూస్తున్నాం. "వగరుంది. కాని గీరట్లేదు. ముసలాళ్ళ కోపంలా ఉంది, ఉందంటే ఉంది," అంది. చాలాసేపటికి మింగింది. మింగాక, "ఇంకా ఉందే! వెళ్ళిపోలేదు," అంది ఆశ్చర్యంగా. నేనూ తాగాను. నాకు పాత చెక్కపెట్టె వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఆ మాటే చెబితే, "అదీ ఉంది," అని ఒప్పుకుంది.

మూడోది సొటెర్న్. పాత తేనె రంగులో, దీపం కాంతికి బంగారంలా మెరుస్తోంది. తియ్యటి వైనట. విమల పిన్ని ఏమీ చెప్పకుండా పోసింది. పెద్దమ్మ నోట్లో ఉంచుకుంది. గోడకేసి చూసింది. మొహంలో ఏమీ లేదు. మింగేసింది. అయిపోయిందనుకున్నాం. ఆవిడ చెయ్యి మెల్లగా లేచి చెంప మీదకి వెళ్ళింది.

"ఇక్కడ," అంది. "ఈ పక్కన. వచ్చింది... తీపేనే ఇది. విమలా, తీపి! ఇంకా ఉంది... పోతోంది. పోయింది. మళ్ళీ పొయ్యి. ఇంకొక్క చుక్క."

గ్లాసు ముందుకి జరిపింది. విమల పిన్ని సీసా అందుకోబోయింది. నూకాలమ్మ రెండు చేతులతో సీసా గుండెలకి హత్తుకుంది.

"వద్దండమ్మా. మాటనుకున్నాం," అంది.

"నూకాలూ, ఒక్క చుక్క పొయ్యవే. అన్నేళ్ళ నుంచి చూస్తోంది గదా," అని రాజేశ్వరి గారే బతిమాలారు. ఊళ్ళో ఎవరి ముందూ తల దించని పెద్దమ్మ, తల వంచుకుని ఖాళీ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది. ఐదేళ్ళు వెతికిన వస్తువు ఒక్క క్షణం దొరికి జారిపోతే ఎలా ఉంటుందో నేనెరగను. నాకైతే ఆ సీసా లాక్కుని ఆవిడకిచ్చేయాలనిపించింది.

పెద్దమ్మ గ్లాసు బోర్లించింది.

"ఉంచేసుకో నూకాలూ. మాటంటే మాటే," అంది. తర్వాత అందరి వైపూ తిరిగి, "ఉందని తెలిసింది గదా. లేదనుకునే వెతికేను ఇన్నాళ్ళూ. ఉన్నదాన్ని వెతకడం ఎంతసేపు? అన్నాలు వడ్డించండి," అంది.

సోడా కొట్టతను లేచాడు. భోంచేసి వెళ్ళమంటే వద్దన్నాడు. మర్నాటికి ఊరంతా తెలిసింది. "సీసా పక్కనే ఉంది. పనిమనిషి వద్దంటే గ్లాసు బోర్లించేసింది. నేనక్కడే కూకుని చూసేనండి," అని అతను సోడా తాగడానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. చూసింది చూసినట్టే చెప్పాడు.

తీపి ఒక్కరోజులో రాలేదు. మళ్ళీ పెరటి మెట్టు, మళ్ళీ పళ్ళెం. కొన్ని నెలల తర్వాత బ్యాంకు గుమాస్తా గారి భార్య సీమంతానికి పరమాన్నం వండుతుంటే, పెద్దమ్మ అలవాటుగా అరచేతిలో చుక్క వేసుకుంది. "బెల్లం ఎక్కువైంది," అని గరిటె పక్కన పెట్టింది. నూకాలమ్మా నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆ తర్వాత నూకాలమ్మ రుచి చూసింది. నిజంగానే ఎక్కువైంది. పూర్తిగా మునుపటిలా ఆవిడకి రాలేదు. ఒక పక్కనే తెలిసేదట. ఆ ఒక్క పక్కతోనే మిగతా ఏళ్ళన్నీ మెస్సు నడిపింది.

పెద్దమ్మ పోయిన సంగతి విమల పిన్నికి ఫోను చేసి చెప్పాను. "మా బెంచీ ఖాళీ అయిపోయిందే," అంది. మెస్సు ఇప్పుడు నూకాలమ్మ నడుపుతోంది. ఆవిడ నన్ను పట్టుకుని ఏడవలేదు. "ఉప్పు తక్కువే వేస్తన్నానండి," అంది.

పెద్దమ్మని చివరిసారి చూసింది పోయిన నెలలో. పలివెల వైపు ఒక రైతు పెరట్లో పనసచెట్టు కాపు బాగుందని విని, కాయలు తానే చూసి ఎంచుకోవాలని బయల్దేరింది. నేనూ వెళ్ళాను. రోడ్డున వెళితే చుట్టు తిరగాలి. అడ్డంగా వెళితే పంటకాలవ మీద కొబ్బరి దుంగల వంతెన. ఆటో పిలుస్తానన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుంది, నీళ్ళకేసి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. నేనింకా ఇవతలే నిలబడి ఉన్నాను. అవతలి గట్టు మీద అరిటాకుల నీడలో ఆగి వెనక్కి తిరిగింది. బొంగురు గొంతు కాలవ దాటి రాదు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. చెప్పులున్న చెయ్యే పైకెత్తి, రమ్మని ఊపింది.